ఆన్‌సైట్‌కి ఎవర్ని పంపాలి?

2016లో ఒకరోజు సాయంత్రం మాదాపూర్‌లో మా ఆఫీసు మీటింగ్ రూంలో నలుగురం కూర్చున్నాం. నలుగురం మగవాళ్ళమే. లండన్‌లో క్లయింట్ పక్కన ఉండి ఇక్కడి టీమ్‌తో పని చేయించే మనిషి ఒకరు కావాలి. మా భాషలో ఆన్‌సైట్ కోఆర్డినేటర్. పేరుకి కోఆర్డినేటరే గానీ, ఆ కుర్చీలో ఏడాదిన్నర కూర్చుని వచ్చినవాళ్ళు మేనేజర్లవుతారు, కూర్చోనివాళ్ళు కోడ్ రాస్తూనే ఉంటారు. ఆ ప్రాజెక్టుని మూడేళ్ళుగా మోస్తున్నది నాకంటే సీనియర్ అయిన ఒక సహోద్యోగిని. క్లయింట్ ఏ అనుమానం వచ్చినా ఆమెకే మెయిల్ పెట్టేవాడు. బోర్డు మీద మొదట రాసింది కూడా ఆమె పేరే. "తనకి ఈ మధ్యే పెళ్ళయింది కదా" అన్నారొకరు. "అవును, పాపం ఇబ్బంది పెట్టడం ఎందుకు" అన్నారింకొకరు. చెడ్డమాట ఎవరూ అనలేదు. అందరూ ఆమె మంచి కోరే మాట్లాడారు. పది నిమిషాల్లో నా పేరు ఖాయమైంది. నేనూ తలూపాను.

ఆ రాత్రి ఆర్మూర్‌కి ఫోన్ చేసి అమ్మకి చెప్పా. సంతోషపడింది. నా నోట ఆ సహోద్యోగిని సంగతులు ఎప్పుడూ వింటుంది కాబట్టి, "మరి ఆ పిల్ల ఎందుకు పోతలేదురా?" అని అడిగింది.

"కొత్తగ పెండ్లయిందమ్మా."

కాసేపు అటువైపు నుంచి చప్పుడు లేదు. "మీ బాపు దుబాయి పోయినప్పుడు నువ్వు నా కడుపుల ఉన్నవు. మరి ఆయనకు పెండ్లి కాలేదా?"

అమ్మ అడిగిన ప్రశ్నని చాలా ఏళ్ళ కిందటే ఒక సుప్రీంకోర్టు జడ్జి కూడా అడిగాడని నాకు లండన్ నుంచి వచ్చాక గానీ తెలియలేదు. చదువుతూ పోతే ఆ ప్రశ్నకి పెద్ద చరిత్రే ఉంది. అందులో కొంత ఢిల్లీలో ఉంది, కొంత రంగూన్‌లో, చాలాభాగం మా ఊళ్ళోనే.

ఢిల్లీతో మొదలుపెడతా. కొడగు అమ్మాయి సి.బి. ముత్తమ్మ యూపీఎస్సీ పరీక్ష రాసి 1949లో ఇండియన్ ఫారిన్ సర్వీస్‌లో చేరింది. పరీక్ష ద్వారా ఆ సర్వీస్‌లోకి వచ్చిన మొదటి మహిళ ఆవిడే. 1961లో రాసిన సర్వీస్ రూల్స్ ప్రకారం ఒక మహిళా అధికారి పెళ్ళి చేసుకోవాలంటే ముందుగా ప్రభుత్వం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పెళ్ళయ్యాక ఇంటి బాధ్యతలు పనికి అడ్డొస్తున్నాయని ప్రభుత్వానికి అనిపిస్తే రాజీనామా చేయమనవచ్చు. ఇంకో రూల్ ఇంకా సూటిగా ఉంటుంది: పెళ్ళయిన స్త్రీకి ఈ సర్వీస్‌లో నియామకం హక్కు కాదు. మగ అధికారుల పెళ్ళిళ్ళ గురించి ఇలాంటి షరతు లేదు. ఒక దేశాన్ని పరాయి గడ్డ మీద నిలబెట్టే ఉద్యోగం కదా, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని పోయే మగవాడు నిబ్బరంగా నిలబడతాడని, మొగుడున్న ఆడది నిలబడలేదని ఆ రూల్స్ రాసినవాళ్ళ నమ్మకం.

ముత్తమ్మ 1970లో హంగరీకి రాయబారిగా వెళ్ళింది. ఆ తర్వాత పై గ్రేడ్ ప్రమోషన్ దగ్గర ఆపేస్తే సుప్రీంకోర్టుకి పోయింది. 1979 సెప్టెంబర్‌లో తీర్పు రాసింది జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. కేసు విచారణకి వచ్చేసరికి ప్రభుత్వం ఆమెకి ప్రమోషన్ ఇచ్చేసి, ఆ రూల్స్ తీసేస్తున్నామని చెప్పింది కాబట్టి పిటిషన్ కొట్టేశారు గానీ, తీర్పులో కృష్ణయ్యర్ ఊరుకోలేదు. ఇంటి బాధ్యతలు ఆడ ఉద్యోగి పనికి అడ్డొస్తాయంటే, అదే పరిస్థితి మగ ఉద్యోగికీ రావచ్చు కదా అని అడిగాడు. మా అమ్మ చదివింది ఐదో తరగతి. కృష్ణయ్యర్ పేరు ఆమె విని ఉండదు.

ముత్తమ్మకి ఒక వెసులుబాటు ఉంది, ఆ రూల్ కాగితం మీద ఉంది. దానికి నంబరు ఉంది, దాన్ని కోర్టుకి లాక్కెళ్ళొచ్చు. మా మీటింగ్ రూంలో అన్న మాట ఏ పాలసీ డాక్యుమెంట్‌లోనూ లేదు. "ఇబ్బంది పెట్టడం ఎందుకు" అనే సానుభూతి మీద ఎవరు కేసు వేస్తారు?

కాగితం మీద లేనిదాన్ని లెక్కగట్టిన మనిషి ఇంకొకామె ఉంది. 1980ల మొదట్లో, మెక్‌గిల్ యూనివర్సిటీలో పనిచేస్తున్న నాన్సీ ఆడ్లర్ అమెరికా, కెనడా కంపెనీలని ఒక లెక్క అడిగింది: మీరు విదేశాలకి పంపిన మేనేజర్లలో ఆడవాళ్ళెందరు? 686 కంపెనీలు కలిపి 13,338 మందిని బయటికి పంపాయి. అందులో ఆడవాళ్ళు 402. మూడు శాతం. ఎందుకింత తక్కువ అంటే అప్పటికే జనం దగ్గర మూడు జవాబులు తయారుగా ఉన్నాయి. వాళ్ళకే ఇష్టం ఉండదు. కంపెనీలు పంపవు. పంపినా అక్కడి మగవాళ్ళు లెక్కచేయరు. ఆడ్లర్ ఈ మూడింటినీ, మేం బగ్ ఎక్కడుందో వెతికినట్టు, ఒక్కొక్కటే విడదీసి చూసింది.

ఎంబీఏ ముగిస్తున్న వెయ్యిమందికి పైగా విద్యార్థుల్ని అడిగితే, బయటి దేశంలో పనిచేయాలనే కోరికలో ఆడామగా తేడా కనబడలేదు. కంపెనీల వాళ్ళని అడిగితే సగానికి పైగా ఆడవాళ్ళని పంపడానికి సందేహిస్తామని ఒప్పుకున్నారు. కారణాలు ఏం చెప్పారు? అక్కడివాళ్ళు ఒప్పుకోరేమో, మొగుడి ఉద్యోగం ఏం కావాలి. మూడోదాని కోసం ఆసియా దేశాల్లో అప్పటికే పనిచేస్తున్న యాభైమందికి పైగా మహిళా మేనేజర్లతో మాట్లాడింది. దాదాపు అందరూ పని బాగానే జరిగిందన్నారు. జపాన్‌లో వాళ్ళని ముందు "గైజిన్" లాగా, అంటే పరాయిదేశపు మనిషిలాగా చూశారు. తమ ఇంటి ఆడవాళ్ళకి పెట్టే హద్దులు పరాయి మనిషికి పెట్టలేదు. అంటే బగ్ అక్కడి సర్వర్‌లో లేదు, ఇక్కడి సర్వర్‌లో ఉంది.

ఆడ్లర్ లెక్క నాకు నచ్చుతుంది గానీ ఒక పేచీ కూడా ఉంది. ఆమె మాట్లాడింది వెనక పెద్ద కంపెనీ, చేతిలో బలమైన పాస్‌పోర్ట్ ఉన్న ఉత్తర అమెరికా ఆడవాళ్ళతో. టోక్యోలో వాళ్ళకి దక్కిన గైజిన్ మర్యాద, హౌన్స్‌లోలో గది వెతుక్కునే తెలుగమ్మాయికి దక్కుతుందని చెప్పలేం. అయినా పంపేచోట జరిగేదాని గురించి ఆమె చెప్పింది మనకీ సరిపోతుంది. మూడు శాతం తర్వాతి కాలంలో పెరిగింది. 2010ల్లో వచ్చిన కంపెనీ సర్వేలు ఇరవై శాతం అటూఇటూగా చూపిస్తాయి. మూడు దశాబ్దాల్లో అంత.

మనవాళ్ళలో ఈ "ఆన్‌సైట్ కోఆర్డినేటర్"కి పాతపేరు మేస్త్రీ. పోర్చుగీసు మాట అది. పందొమ్మిదో శతాబ్దం చివర నుంచి విశాఖ, గోదావరి, గంజాం జిల్లాల నుంచి రంగూన్‌కి వేలమంది తెలుగువాళ్ళు పోయారు, రేవులో మూటలు మోయడానికి, బియ్యం మిల్లుల్లో పనికి. వాళ్ళకి ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చి, ఓడెక్కించి, అక్కడ పని చూపించి, కూలీలోంచి తన వాటా పట్టుకునేవాడు మేస్త్రీ. క్లయింట్‌కీ కూలీకీ మధ్య మనిషి. పోయినవాళ్ళలో ఆడవాళ్ళు బాగా తక్కువ. 1930లో రంగూన్ రేవులో బర్మీయులకీ తెలుగు కూలీలకీ మధ్య జరిగిన గొడవల గురించి చదివితే, అదంతా మగవాళ్ళ గదుల, మగవాళ్ళ గుంపుల లోకంలాగే కనిపిస్తుంది.

ఆడవాళ్ళని పంపాల్సిందేనని రూల్ పెట్టిన చోటు కూడా ఒకటుంది. 1860 నవంబర్‌లో మద్రాసు నుంచి ట్రూరో ఓడ నాటాల్ చేరింది, అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఒప్పంద కూలీల ఓడల్లో నూరుమంది మగవాళ్ళకి నలభైమంది ఆడవాళ్ళు ఉండాలని తర్వాత తర్వాత షరతు స్థిరపడింది. మన కంపెనీల డైవర్సిటీ టార్గెట్‌లకి ఇది ముత్తవ్వ అని నవ్వుకోవచ్చు గానీ, ఆ నలభైమందిని అడిగింది చెరకుతోటలో సగం కూలికి పనిచేయడానికి, మగకూలీలు గొడవపడకుండా కుదురుగా ఉండడానికి. పని చేయించే సిర్దార్ కర్ర మగవాడి చేతిలోనే ఉండేది. ఆడవాళ్ళు సముద్రం దాటడం మనకి కొత్తకాదని చెప్పడానికే ఇదంతా. కూలీగా దాటారు, భార్యగా దాటారు. మేస్త్రీగా దాటడం దగ్గరే తకరారు.

కోస్తావాళ్ళకి రంగూన్ ఎట్లాగో, నిజాం ఏలుబడిలో ఉన్న మావాళ్ళకి బొంబాయి అట్లా. అక్కడి కామాఠీపురాకి ఆ పేరు తెలంగాణ వైపు నుంచి పోయిన కామాఠీ కూలీల వల్లే వచ్చింది. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు మొదలయ్యాక, ఆ బొంబాయి దారే దుబాయి దాకా సాగింది. 44, 63 నంబరు జాతీయ రహదార్లు కలిసే ఆర్మూర్ నుంచీ, చుట్టూ ఉన్న బాల్కొండ, భీంగల్, మోర్తాడ్, జక్రాన్‌పల్లి ఊళ్ళ నుంచీ ఇంటికొకరు చొప్పున పోయారు. బొంబాయిలో ఏజెంటు, చేతిలో కంపెనీ వీసానో ఆజాద్ వీసానో. ఏజెంటుకి కట్టే పైసలు చాలా ఇళ్ళల్లో వచ్చిన దారి ఒకటే: భార్య మెడలోది కుదువబెట్టడం. మా ఇంట్లో కూడా అంతే. బాపు ఫిట్టర్‌గా పోయి పదేళ్ళకి ఫోర్‌మన్ అయ్యాడు. పచ్చ హెల్మెట్ పెట్టుకుని పాతికమంది ముందు నిలబడ్డ ఫోటో ఇప్పటికీ గోడమీద ఉంది. మా వంశంలో మొదటి ఓవర్సీస్ మేనేజర్ ఆయనే.

అదే కాలంలో కడప జిల్లా నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఆడవాళ్ళు కువైట్ పోయారు. మా వైపు నుంచి దాదాపు ఎవరూ పోలేదు. కడప ఆడవాళ్ళు ఒక్క పనికే పోయారు, ఇళ్ళల్లో పనికి. దాని మీద రాజ్యం కన్ను గట్టిగానే పడింది. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్ట్ మీద "ఈసీఆర్" అని పడుతుంది, గల్ఫ్ లాంటి దేశాలకి పోవాలంటే క్లియరెన్స్ కావాలి. అదే పాస్‌పోర్ట్‌తో మగవాడు పద్దెనిమిది దాటితే పోవచ్చు, ఆడమనిషికి ముప్ఫై నిండాలి. 2016 నుంచి వాళ్ళని పంపే పనిని ప్రైవేటు ఏజెంట్ల దగ్గర్నుంచి తీసేసి ప్రభుత్వ ఏజెన్సీలకే అప్పజెప్పారు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్. ఉద్దేశం రక్షణ. కువైట్ ఇళ్ళల్లో జరిగిన దారుణాలు కల్పన కాదు, ఆ భయాన్ని తీసిపారేయలేం. కానీ అవసరం ఉన్న మనిషి ఆగలేదు. విజిట్ వీసా మీద, దొడ్డిదారిన పోయింది, అప్పుడు ఏ చట్టమూ తోడు రాలేదు.

ఈసీఆర్ ముద్ర పదో తరగతితో పోతుంది. ఇంజనీరింగ్ చదివిన ఆడవాళ్ళని ఏ ఎమిగ్రేషన్ అధికారీ వయసు అడగడు. ఆ అధికారి లేచిపోయిన కుర్చీలో మేం నలుగురం కూర్చున్నాం, మాదాపూర్‌లో, అదే రక్షణ మాట పట్టుకుని.

ఇక మా ఇంటి సంగతి. బాపు పోయినప్పుడు రెండెకరాల పొలం, అత్తామామలు, పుట్టబోయే నేను, కుదువలో బంగారం, ఇవన్నీ అమ్మ చేతికొచ్చాయి. పొద్దున పొలం, రాత్రి బీడీలు. మా వైపు ఆడవాళ్ళకి బీడీలు చుట్టడం ఊపిరి పీల్చినంత అలవాటు. వెయ్యి బీడీలకి ఇంత అని లెక్క. కార్ఖానాలో ఆకు తూచి ఇచ్చేదీ, బీడీలు నాసిరకమని పక్కన పడేసేదీ, పుస్తకంలో రాసేదీ మాత్రం టేకేదారు. చుట్టేవాళ్ళందరూ ఆడవాళ్ళు, రాసేవాడు మగవాడు. అమ్మ ప్రతి శనివారం తన లెక్క తను గోడమీద బొగ్గుతో గీతలు గీసుకుని పోయి సరిచూసుకునేది.

పసుపులోనూ ఇదే వరస. జూన్‌లో వేస్తే తవ్వేసరికి సంక్రాంతి దాటుతుంది. తవ్విన పసుపుని కొమ్ములు వేరే, మండలు వేరే ఏరాలి, ఉడకబెట్టాలి, పదిహేను రోజులు ఎండబెట్టాలి, డ్రమ్ములో వేసి మెరుగు పెట్టాలి. ఏరేదీ ఎండబెట్టేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. బస్తా మూతి కుట్టాక అది మగవాళ్ళ సరుకవుతుంది. నిజామాబాద్ యార్డుకో, ధర బాగుందంటే మహారాష్ట్రలో సాంగ్లీకో, లారీతోపాటు పోయేది మగవాడే. మొగుడు దుబాయిలో ఉంటే మరిదో, తమ్ముడో. ఊరు దాటి బేరం ఆడే మనిషి ఎవరనేది మావైపు వీసాలు రాకముందే తేలిపోయిన విషయం.

ఒక ఏడు మా బాబాయికి జ్వరం వచ్చింది. ధర పడిపోతోందని అమ్మ తనే బస్తాలతో నిజామాబాద్ పోయింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, వెంట తీసుకుపోయింది. యార్డులో ఒక అడ్తిదారు ఆమెని చూసి "ఇంట్ల మొగోళ్ళు ఎవరూ లేరా?" అన్నాడు. "ఉన్నడు, ఈయనే" అని నన్ను చూపించింది. కాంటా దగ్గర నిలబడి, తరుగు ఎంత తీస్తున్నారో బస్తా బస్తాకీ అడిగి, తక్‌పట్టీ మీద ఉన్న అంకెల్ని నా చేత రెండుసార్లు చదివించింది. ఒకచోట కూడిక తప్పు దొరికింది. మళ్ళీ రాయించింది. ఆ తర్వాతి ఏడు బాబాయి ఆరోగ్యంగానే ఉన్నాడు, పసుపు ఆయనే తీసుకుపోయాడు. ఎందుకు మళ్ళీ పోలేదని అమ్మని నేను ఎప్పుడూ అడగలేదు.

ఆర్మూర్ పక్కనే అంకాపూర్ ఉంది, అక్కడ పచ్చి మక్క కంకులు, కూరగాయలు అమ్మే ఆడవాళ్ళ బేరం చూస్తే పెద్ద పెద్ద సేల్స్ వాళ్ళు నోరు మూసుకోవాలి. వాళ్ళు అమ్మేది ఇంటికి పొద్దుగూకేలోపు తిరిగి రాగలిగినంత దూరంలో. ఆ దూరం దాటిందంటే సరుకు చేతులు మారుతుంది.

గల్ఫ్‌కి ముందుపోయిన మా ఊళ్ళు, ఐటీ వచ్చాక కూడా అదే పద్ధతిలో పోయాయని నాకు షియాంగ్ బియావో రాసిన "గ్లోబల్ బాడీ షాపింగ్" (2007) చదివినప్పుడు అనిపించింది. ఆయన హైదరాబాద్‌లో, సిడ్నీలో తిరిగి, కన్సల్టెన్సీల ద్వారా విదేశాలకి పోయే తెలుగు ఐటీ కుర్రాళ్ళ గురించి రాశాడు. కోర్సుల ఫీజులకీ, వీసా ఖర్చులకీ డబ్బు ఎక్కడిదని తవ్వితే ఒక పాయ కట్నాల్లో తేలింది. ఆమె పుట్టింటి డబ్బు, అతని వీసా. మా అమ్మ మెడలోది బొంబాయి ఏజెంటుకి పోయినట్టే. పెట్టుబడి ఎవరిదో చూస్తే, ఈ విదేశీ ఉద్యోగాల్లో ఆడవాళ్ళు మొదట్నుంచీ భాగస్తులే. పేరు మాత్రం రిజిస్ట్రేషన్‌లో లేదు.

ఆ తర్వాత వాళ్ళు ఎట్లా పోయారో అమెరికా లెక్కలే చెబుతాయి. హెచ్‌1బీ మీద పోయినవాళ్ళ భార్యలకి హెచ్‌4. దాని మీద పనిచేసే వీలు లేదు. 2015 మేలో గ్రీన్‌కార్డు వరసలో ఉన్నవాళ్ళ జీవిత భాగస్వాములకి వర్క్ పర్మిట్ ఇవ్వడం మొదలుపెడితే, తీసుకున్నవాళ్ళలో తొంభై శాతానికి పైగా ఆడవాళ్ళు, తొంభై శాతానికి పైగా ఇండియాలో పుట్టినవాళ్ళు. మా బ్యాచ్ అమ్మాయిల్లో సగం మంది ఆ వరసలో ఉన్నారు, నాకంటే ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళతో సహా. సియాటెల్ చుట్టుపక్కల ఇలాంటి ఇళ్ళ గురించి ఏమీ భట్ "హైటెక్ హౌస్‌వైవ్స్" (2018) అని పుస్తకం రాసింది. భర్త ఆఫీసులో నిలబడడానికి ఇంట్లో ఈమె చేసే పనంతా ఎంత ఉందో అందులో వివరంగా ఉంటుంది. పోవడానికి ఇబ్బంది అన్నది అబద్ధమని ఆ అమ్మాయిలే రుజువు. డాలస్ చలిలో, భాష రాని పొరుగువాళ్ళ మధ్య, పసిపిల్లల్ని పెట్టుకుని ఒంటరిగా నెట్టుకొచ్చారు. కొత్త పెళ్ళికూతురు అతని వెంట పోవడానికి ఎవరికీ ఇబ్బంది కనబడలేదు, ఆమె వెంట అతను పోవాల్సొచ్చే చోటే కనబడింది.

నేను లండన్‌లో పద్నాలుగు నెలలున్నా. వచ్చాక మేనేజర్ని అయ్యా. ఆమె ఏడాది తిరక్కుండానే కంపెనీ మారింది. 2023లో బంజారాహిల్స్‌లో ఒక పుస్తకావిష్కరణలో కనిపించింది, పక్కపక్కన కూర్చున్నాం. టీ తాగుతున్నప్పుడు, ఏడేళ్ళు ఆలస్యంగా, అడిగా: "మిమ్మల్ని అడిగి ఉంటే వెళ్ళేవారా?"

"ఆ రోజు రూంలో నువ్వూ ఉన్నావుగా?"

"ఉన్నాను."

"ఏమో, వెళ్ళేదాన్నో లేదో. ఆ నెలలోనే పాస్‌పోర్ట్ రెన్యూ చేయించుకున్నా. తత్కాల్‌లో. తెలుసా నీకు?"

తెలీదన్నాను.